మే నెలలో బవేరియా కొండ ఊళ్లు: కారులో 10 రాత్రులు, ఐదుగురం. ప్లాన్ చూసి చెప్పండి

సాగర్‌రోడ్
అందరికీ నమస్కారం. హైదరాబాద్ నుంచి ఫ్రాంక్‌ఫర్ట్‌కు డైరెక్ట్ ఫ్లైట్, మే 9 తెల్లవారుజామున దిగుతాం. మేమిద్దరం, పిల్లలు 7, 11 ఏళ్లవాళ్లు, అమ్మకు 66. ఆవిడకు మోకాళ్ల నొప్పి, ఎత్తు ఎక్కలేరు. అందరం శాకాహారులం, అమ్మ గుడ్డు కూడా ముట్టరు. పిల్లల బడుల వల్ల జూన్ మొదటి వారంలోపే తిరిగి రావాలి.

అనుకున్నది: ఎయిర్‌పోర్ట్‌లోనే కారు తీసుకుని నేరుగా లిండావ్. అక్కడి నుంచి జర్మన్ ఆల్పైన్ రోడ్డు పట్టుకుని ఓబర్‌స్టౌఫెన్, ఓబర్స్‌డోర్ఫ్, ఫ్యూసెన్, ఓబరామ్మర్‌గావ్, గార్మిష్, టేగర్న్‌జే, బెర్ష్టెస్‌గాడెన్. ఎనిమిది ఊళ్లు, పది రాత్రులు. రోడ్డు మొత్తం సుమారు 450 కి.మీ. అంటున్నారు, కాబట్టి తేలికే అనుకుంటున్నాను. ఫోక్స్‌వాగన్ గోల్ఫ్ సైజు కారు చాలుతుందా? లోపాలు మొహమాటం లేకుండా చెప్పండి.

గోదారిగట్టు
సాగర్‌రోడ్ గారూ, ఆ 450 కి.మీ. లెక్కే మిమ్మల్ని మోసం చేస్తోంది. అది లిండావ్ నుంచి బెర్ష్టెస్‌గాడెన్ దాకా ఉన్న రోడ్డు పొడవు మాత్రమే. ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి లిండావ్ రావడం, బెర్ష్టెస్‌గాడెన్ నుంచి ఫ్రాంక్‌ఫర్ట్ తిరిగి వెళ్లడం కలిపితే మరో 900 కి.మీ. పైమాటే. పైగా కొండ రోడ్డులో గంటకు సగటున 45 నుంచి 50 కి.మీ. కంటే పడదు. ఊరు, మలుపు, ట్రాక్టర్, సైకిళ్లు, మళ్లీ ఊరు. ఇదే వరస.

రెండోది, ఎనిమిది ఊళ్లంటే ఎనిమిదిసార్లు సామాను దింపి ఎక్కించాలి. బస ఖాళీ చేయాల్సింది పొద్దున 10కి, కొత్త చోట గది ఇచ్చేది మధ్యాహ్నం 3 తరువాత. బస మారిన ప్రతిసారీ ఐదు గంటలు అమ్మగారు కారులోనో, బెంచీ మీదో గడపాలి. మూడు చోట్ల మూడేసి రాత్రులు ఉండి, అక్కడి నుంచి రోజూ 30, 40 కి.మీ. పరిధిలో తిరగండి. ఈ ఊళ్లు ఒకదానికొకటి అంత దగ్గర: ఫ్యూసెన్ నుంచి ఓబరామ్మర్‌గావ్ 45 కి.మీ., అక్కడి నుంచి గార్మిష్ 20, గార్మిష్ నుంచి మిట్టెన్‌వాల్డ్ మరో 20.

మూడోది అన్నిటికంటే ముఖ్యం. రాత్రంతా విమానంలో కూర్చుని దిగిన పొద్దున్నే, అలవాటు లేని కుడివైపు రోడ్డు మీద, ఆటోబాన్‌లో (జర్మన్ మోటార్‌వే) 400 కి.మీ. పైన నడపొద్దు. ఫ్రాంక్‌ఫర్ట్ ఎయిర్‌పోర్ట్ కిందే రైల్వే స్టేషన్ ఉంది. ఐసీఈ అనే వేగపు రైలు మూడున్నర గంటల్లో మ్యూనిక్ చేరుస్తుంది. ఆ రాత్రి అక్కడ నిద్రపోయి, మర్నాడు మ్యూనిక్‌లో కారు తీసుకోండి. చివర్లో అక్కడే ఇచ్చేస్తే వేరే ఊళ్లో వదిలినందుకు వేసే అదనపు చార్జీ కూడా ఉండదు.

ఫుల్‌ట్యాంక్
గోల్ఫ్ సరిపోదు అన్నా. డిక్కీ 380 లీటర్లు. పెద్ద సూట్‌కేసులు రెండు పెడితే మూడోది ఒళ్లో పెట్టుకోవాల్సిందే. అదే గోల్ఫ్ ఎస్టేట్ (డిక్కీ పొడవైన మోడల్) తీసుకుంటే 611 లీటర్లు. కానీ మీకు అసలు ఇబ్బంది డిక్కీ కాదు, వెనక సీటు. జర్మనీలో 12 ఏళ్లు నిండని, 150 సెం.మీ. ఎత్తు లేని పిల్లలు చైల్డ్ సీట్ మీదే కూర్చోవాలి. మీ 11 ఏళ్ల బాబో పాపో 150 దాటితే వద్దు, దాటకపోతే బూస్టర్ (పిల్లల్ని ఎత్తుగా కూర్చోబెట్టే సీటు) తప్పదు. రెండు సీట్లు పెట్టాక మధ్యలో అమ్మగారు ఇరుక్కుపోతారు, బెల్టు పెట్టుకోవడానికి చెయ్యి కూడా దూరదు.

వెనక మూడు విడివిడి సీట్లు ఉండే ఫోక్స్‌వాగన్ టూరాన్ లాంటి బండి బుక్ చేయండి. ఐదు సీట్లతో దాని డిక్కీ 700 లీటర్లు దాటుతుంది. తొమ్మిది సీట్ల వ్యాన్ జోలికి మాత్రం పోవద్దు. పాత ఊళ్ల సందుల్లో, అండర్‌గ్రౌండ్ పార్కింగ్ మలుపుల్లో అది తిరగదు.

బుకింగ్‌లో చూడాల్సినవి:
ఆటోమేటిక్ అని విడిగా ఎంచుకోండి, లేకపోతే గేరు బండే ఇస్తారు. ఎడమ స్టీరింగ్‌కు తోడు కుడిచేత్తో గేర్లు కొండ మలుపుల్లో నేర్చుకునే పని కాదు.
క్రెడిట్ కార్డ్ డ్రైవర్ పేరు మీదే ఉండాలి. డెబిట్ కార్డ్‌తో కౌంటర్ దగ్గర ఆగిపోయే కేసులు చాలా.
ఇన్సూరెన్స్‌లో అద్దాలు, టైర్లు, బండి అడుగు భాగం కలిసి ఉన్నాయో లేదో చదవండి. కొండల్లో తగిలే దెబ్బలు సరిగ్గా ఆ మూడిటికే.
ఆస్ట్రియాలోకి వెళ్తామని ముందే రాయించండి.
బండిలో హెచ్చరిక ట్రయాంగిల్, ఫస్ట్ ఎయిడ్ పెట్టె, మెరిసే జాకెట్ ఉన్నాయో లేదో కదిలేముందు చూడండి. మూడూ తప్పనిసరి.

ఇండియా నుంచి బూస్టర్ తెచ్చుకుంటే యూరప్ భద్రతా ప్రమాణమైన ఈసీఈ గుర్తు (ఆర్44 లేదా ఆర్129) ఉన్న స్టిక్కర్ తప్పక ఉండాలి.

ఆల్‌గాయ్_నుంచి
ఇద్దరూ మంచి మాటలు చెప్పారు. కానీ మే నెల గురించి ఎవరూ అనలేదు. మనకు మే అంటే నడి వేసవి, ఇక్కడి కొండకు మే అంటే వసంతం మొదలు. ఊళ్లలో పచ్చిక, పసుపు పూలు, వెనక తెల్లటి శిఖరాలు. కళ్లకు ఇంతకంటే మంచి నెల లేదు. అయితే మూసి ఉండేవి చాలా:

కేబుల్ కార్లకు చలికాలం, వేసవి సీజన్ల మధ్య మరమ్మతులు చేస్తారు. ఓబర్స్‌డోర్ఫ్ నెబెల్‌హార్న్ మే నెలలో కొన్ని వారాలు ఆగుతుంది. జర్మనీలో అన్నిటికంటే ఎత్తైన శిఖరం త్సుగ్‌ష్పిట్సెకు (2962 మీ.) కేబుల్ కారు ఆగిన రోజుల్లో పళ్ల చక్రం రైలు (పళ్లున్న పట్టాను పట్టుకుని కొండ ఎక్కేది) నడుస్తుంది.
పార్ట్‌నాఖ్ లోయ, బ్రైటాఖ్ లోయ లాంటి ఇరుకు లోయల్లో మంచు కరిగాక వదులైన రాళ్లు తీసేదాకా గేటు తీయరు.
1500 మీటర్ల పైన నీడ పడే దారుల్లో జూన్ దాకా మంచు గట్టిపడి ఉంటుంది. పిల్లల స్పోర్ట్స్ షూలు అక్కడ జారిపోతాయి.
ఆవులు పై మేతలకు ఎక్కేది మే చివర, జూన్‌లో. కొండమీది పూటకూళ్ల గుడిసెలు చాలావరకు అప్పుడే తెరుస్తారు.

మే 11 నుంచి 15 దాకా ఐదు రోజులను ఇక్కడివాళ్లు ‘ఐస్‌హైలిగె’ అంటారు, మంచు సాధువులని అర్థం. ఆఖరి రోజు ‘చల్లని సోఫీ’. అది దాటేదాకా తోటలో టమాటా నారు కూడా నాటరు. మీరు తిరిగేది సరిగ్గా ఆ రోజుల్లోనే. వీలైతే ఒక వారం, పది రోజులు వెనక్కి జరపండి.

అయితే ఈస్టర్ ఆదివారంతో కలిపి లెక్కిస్తే యాభయ్యో రోజు వచ్చే ఫింగ్‌స్టెన్ పండగను క్యాలెండర్‌లో చూసుకోండి. దాని వెంట బవేరియా బడులకు రెండు వారాల సెలవు. ఆ రెండు వారాల్లో గది దొరకదు, దొరికినా రేటు నిలబడదు. మీ తేదీ ఐస్‌హైలిగె తరువాత, ఫింగ్‌స్టెన్‌కు ముందు ఇమిడితే బాగుంటుంది. కొన్నేళ్లు ఆ సందు వారమే ఉంటుంది, ఈస్టర్ తొందరగా వచ్చిన ఏడాది అసలే ఉండదు. అలాంటప్పుడు చలి భరించడమే నయం.

కొండగాలి
వేరే మాట చెప్తాను. ఇంత చిన్న వీలు కోసం బవేరియా ఎందుకు? ఫ్రాంక్‌ఫర్ట్‌లో దిగేవాళ్లకు బ్లాక్ ఫారెస్ట్ దగ్గర. బాడెన్-బాడెన్ 170 కి.మీ. అక్కడి నుంచి ఫ్రాయ్‌డెన్‌ష్టాట్ దాకా బీ500 రోడ్డు అడవి మధ్య, శిఖరం వెంబడి 60 కి.మీ. పోతుంది. గెంగెన్‌బాఖ్, షిల్టాఖ్ లాంటి చెక్క ఇళ్ల ఊళ్లు, ట్రీబెర్గ్ జలపాతం. ఎత్తు తక్కువ కాబట్టి మేలో మూసి ఉండేవీ తక్కువే. చాలా ఊళ్లలో గది తీసుకుంటే కోనుస్ కార్డ్ ఇస్తారు, బస్సులూ లోకల్ రైళ్లూ ఉచితం.

గోదారిగట్టు
కొండగాలి గారూ, ఐదు రాత్రులైతే మీ మాటే నా మాట. పది రాత్రులుండి, పిల్లలు మంచు కొండ చూడాలనుకుంటే ఆల్ప్స్ వదలకూడదు. బ్లాక్ ఫారెస్ట్‌లో అడవి ఉంది, రాతి శిఖరం లేదు.

సాగర్‌రోడ్
పిల్లలకు మంచు చూపించాలన్నదే మొదటి కోరిక, కాబట్టి బవేరియానే. తేదీ మే 16కి మార్చగలను. ఎక్కడెక్కడ ఉండాలో చెప్పండి. ఇంకొకటి, నాకు ఇండియా లైసెన్స్ ఉంది. మ్యూనిక్‌లో ఉండే తమ్ముడు కూడా కొంత నడుపుతానంటున్నాడు. వాడు వచ్చి రెండేళ్లయింది, వాడిదీ ఇండియా లైసెన్సే.

ఫుల్‌ట్యాంక్
మీ తమ్ముడికి స్టీరింగ్ ఇవ్వొద్దు! జర్మనీలో నివాసం మొదలైన ఆరు నెలల తరువాత ఇండియా లైసెన్స్ చెల్లదు. మన తెలుగు విద్యార్థులు చాలామంది ఇక్కడే దొరికిపోతున్నారు. ఇది ఫైన్ కట్టి బయటపడే వ్యవహారం కాదు, లైసెన్స్ లేకుండా నడిపిన నేరం కింద కేసు. బండి ఇచ్చినవాళ్ల మీద కూడా పెడతారు. వీసా పొడిగింపు దాకా వెంటాడుతుంది.

మీరు టూరిస్టు కాబట్టి ఇబ్బంది లేదు. ఒరిజినల్ లైసెన్స్, దానితోపాటు ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ ఉండాలి. పరివాహన్ సైటులో ఫారం 4ఏ, ఫీజు 1000 రూపాయలు, పాస్‌పోర్ట్, వీసా, టికెట్ కాపీలు. ఏడాది చెల్లుతుంది. పర్మిట్ ఒక్కటే చూపిస్తే చెల్లదు, రెండూ జేబులో ఉండాలి.

ఆల్‌గాయ్_నుంచి
బసల సంగతి. మొదటి రాత్రి మ్యూనిక్. తరువాత మూడు రాత్రులు ఫ్రోన్‌టెన్ లేదా నెస్సెల్‌వాంగ్, ఫ్యూసెన్‌లో కాదు. ఫ్యూసెన్‌కు పావుగంట దూరం, రద్దీ తక్కువ. తరువాత మూడు రాత్రులు మిట్టెన్‌వాల్డ్ లేదా క్ర్యూన్. గార్మిష్ కంటే చిన్నవి, కార్వెండెల్ కొండ గోడ ఇంటి కిటికీకి ఎదురుగా ఉంటుంది. ఆఖరి మూడు రాత్రులు బెర్ష్టెస్‌గాడెన్ పక్కనే రామ్‌జావ్. తిరుగు ప్రయాణం ముందురోజు రాత్రి ఫ్రాంక్‌ఫర్ట్‌లో పడుకోవాలి కాబట్టి ఒక రాత్రి పెంచండి, లేదా రామ్‌జావ్‌లో ఒకటి తగ్గించండి. లిండావ్, టేగర్న్‌జే ఈసారికి వదిలేయండి.

అమ్మగారి మోకాళ్ల దృష్ట్యా చెప్తున్నాను. నోయిష్వాన్‌స్టైన్ కోట దగ్గరికి కారు పోదు. కింద హోయెన్‌ష్వాంగావ్‌లో పార్క్ చేసి కిలోమీటరున్నర ఎత్తు ఎక్కాలి, మామూలుగా 30 నుంచి 40 నిమిషాలు. గుర్రపు బండి కోటకు కొంచెం కిందే ఆపేస్తుంది. బస్సు పైన ఆపుతుంది, అక్కడి నుంచి నిటారుగా దిగాలి. లోపల ఎక్కేవీ దిగేవీ కలిపి 300 మెట్లకు పైనే. టికెట్ మీద ఉన్న నిమిషానికి గేటు దగ్గర లేకపోతే అది పోయినట్టే, మళ్లీ ఇవ్వరు. మే నెలైనా టికెట్ ఆన్‌లైన్‌లో ముందే కొనండి. 2025 జూలైలో దీనితో సహా బవేరియా రాజు లుడ్‌విగ్ కట్టించిన కోటలకు యునెస్కో గుర్తింపు వచ్చింది, జనం ఇంకా పెరగొచ్చు. అమ్మగారికి లిండర్‌హోఫ్ మేలు. చిన్న కోట, తోట, నడక తక్కువ. వీస్‌కిర్షె చర్చి అయితే పొలాల మధ్య సమతలం మీద ఉంది. 1745, 1754 మధ్య కట్టింది. లోపలికి వెళ్లి పైకప్పు చూస్తే చాలు.

బెర్ష్టెస్‌గాడెన్ వైపు ఆవిడకు అన్నీ అనుకూలమే. క్యోనిగ్‌స్‌జే సరస్సులో 1909 నుంచి కరెంటు పడవలే నడుస్తున్నాయి, పొగ లేదు, చప్పుడు లేదు. బార్తలోమా చర్చి దాకా 35 నిమిషాలు. పార్కింగ్ నుంచి రేవుకు పది నిమిషాల నడక, పొద్దున 9 లోపు వెళ్తే క్యూ ఉండదు. 1834 మీటర్ల ఎత్తులో ఉన్న కేల్‌స్టైన్ ఇంటికి సొంత కార్లు పోనివ్వరు. ఓబర్‌జాల్స్‌బెర్గ్ నుంచి వాళ్ల బస్సు, తరువాత సొరంగం, ఆపైన కొండ లోపల 124 మీటర్ల లిఫ్టు. తెరిచేది మే మధ్య నుంచి, అదీ మంచు తీసేశాకే. మూసి ఉంటే రాస్‌ఫెల్డ్ టోల్ రోడ్డు ఉంది. కారులోనే దాదాపు 1570 మీటర్ల దాకా ఎక్కొచ్చు. వాన రోజుకు బెర్ష్టెస్‌గాడెన్ ఉప్పు గని. 1517 నుంచి తవ్వుతున్నారు, పిల్లలకు లోపల చెక్క జారుడుబల్లలు. మిట్టెన్‌వాల్డ్‌లో వాన పడితే వయొలిన్ మ్యూజియం. ఆ ఊళ్లో వయొలిన్ల తయారీ మథియాస్ క్లోట్స్ (1653–1743) నాటిది, ఇప్పటికీ బడి నడుస్తోంది.

గోదారిగట్టు
మొదటి బస నుంచి రెండో బసకు వెళ్లే దారి మాత్రం నా మాట వినండి. ఫ్యూసెన్ నుంచి నేరుగా గార్మిష్ పోకండి. ఫ్యూసెన్, రాయిట్టె, ప్లాన్‌జే సరస్సు, ఆమ్మర్‌జాట్టెల్ కనుమ, లిండర్‌హోఫ్, ఎట్టాల్, గార్మిష్. రాయిట్టె, ప్లాన్‌జే ఆస్ట్రియాలో ఉన్నాయి, కానీ ఈ దారిలో మోటార్‌వే లేదు కాబట్టి విన్యెట్ (ఆస్ట్రియా మోటార్‌వే టోల్) స్టిక్కర్ అక్కర్లేదు. ప్లాన్‌జే ఒడ్డున రోడ్డు నీళ్లకు ఆనుకుని పోతుంది, ఆపడానికి పక్కన చోట్లున్నాయి. తిరిగి జర్మనీలోకి వచ్చేచోట తనిఖీ ఉండొచ్చు. పాస్‌పోర్టులు సూట్‌కేసులో అడుగున కాదు, చేతి సంచిలో పెట్టుకోండి. శనివారం మాత్రం ఈ దారి వద్దు. పక్కనున్న ఫెర్న్‌పాస్ కనుమ ట్రాఫిక్ తప్పించుకుని ఊళ్లలోంచి పోయేవాళ్లను రాయిట్టె జిల్లాలో వారాంతాల్లో వెనక్కి పంపుతారు.

మిట్టెన్‌వాల్డ్ నుంచి రామ్‌జావ్‌కు కొండ రోడ్డే పట్టుకుంటే ఐదు గంటలు. వాల్‌గావ్ నుంచి ఫోర్డర్‌రిస్ దాకా చిన్న టోల్ రోడ్డు, ఈజార్ నది తెల్లటి రాళ్ల మీద పక్కనే పారుతుంది. అది దాటి జిల్వెన్‌స్టైన్ జలాశయం దాకా ఆ అందం అనుభవించి, టేగర్న్‌జే మీదుగా ఏ8 ఆటోబాన్ ఎక్కేయండి. మొత్తం కొండ రోడ్డే పోవాలన్న పట్టుదలకు పిల్లల కడుపులు ఒప్పుకోవు.

ఫుల్‌ట్యాంక్
నడపడంలో మనవాళ్లు తప్పే చోట్లు రాస్తున్నా.

ఊరి పేరున్న పసుపు బోర్డు కనిపించగానే 50. వేరే స్పీడ్ బోర్డు పెట్టరు, ఊరి పేరే బోర్డు. అదే పేరు మీద ఎర్ర గీత కొట్టి ఉంటే ఊరు అయిపోయింది, 100 పోవచ్చు. ఊళ్లో 16 నుంచి 20 ఎక్కువైతే 70 యూరోలు, 21 నుంచి 25 అయితే 115. అద్దె కంపెనీ మీ అడ్రస్ ఇచ్చినందుకు తన ఫీజు వేరే వేసుకుంటుంది. ఫోన్‌లో కెమెరా హెచ్చరికలు ఆపేయండి, డ్రైవర్ వాడితే అదీ చట్టప్రకారం తప్పే.

బోర్డు లేని కూడలిలో కుడివైపు నుంచి వచ్చేవాడిదే దారి, వాడు సందులోంచి వచ్చినా సరే. పసుపు డైమండ్ బోర్డు ఉన్న రోడ్డు మీద ఉంటే మీదే దారి. ఇది వంటపట్టకపోతే చిన్న ఊళ్లలో తప్పక గుద్దుకుంటారు.

సైకిల్‌ను దాటేటప్పుడు ఊళ్లో మీటరున్నర, బయట రెండు మీటర్లు వదలాలి. మలుపులో అంత చోటుండదు, కాబట్టి వెనకే నెమ్మదిగా పోవాలి. హారన్ కొట్టకండి.

ఆటోబాన్‌లో ట్రాఫిక్ ఆగుతోందంటే అంబులెన్స్ వచ్చేదాకా చూడొద్దు, అప్పుడే దారి వదలాలి. ఎడమ లేన్ వాళ్లు ఎడమ అంచుకు, మిగతావాళ్లంతా కుడికి.

దిగుడు గురించి. ఓబర్‌యోఖ్ నుంచి బాడ్ హిండెలాంగ్‌కు దిగే రోడ్డులో వందకు పైగా మలుపులు. బ్రేక్ మీద కాలు అలాగే పెట్టి దిగితే డిస్కులు వేడెక్కి, లోపలి ఆయిల్ మరిగి, పెడల్ మెత్తబడి నేలకు తాకుతుంది. ఆటోమేటిక్‌లో లీవర్‌ను మాన్యువల్‌కు జరిపి 2 లేదా 3లో పెట్టండి, ఇంజనే పట్టుకుంటుంది. బ్రేక్ గట్టిగా కాసేపు, వదలడం కాసేపు. కాలిన వాసన వస్తే పక్కన ఆపి పావుగంట చల్లారనివ్వండి, నీళ్లు పోయొద్దు. మంచు పడిన పొద్దు వేసవి టైర్లతో బండి తీయడం చట్టప్రకారమే తప్పు. మధ్యాహ్నానికి కరిగిపోతుంది, ఆగండి.

పెట్రోల్ ఆటోబాన్ పక్క బంకుల్లో చాలా ఖరీదు, ఊళ్లోకి దిగి పోయించండి. బోర్డు మీద సూపర్ ఈ10, ఈ5 అని ఉంటాయి, డీజిల్ వేరే. మూత లోపల ఏది రాసి ఉంటే అదే.

సాగర్‌రోడ్
పార్కింగ్‌లో నీలం రంగు గడియారం అట్ట పెట్టాలంటున్నారు. ఎలా?

ఆల్‌గాయ్_నుంచి
పార్క్‌షైబె అంటారు. బండిలో ఉంటుంది, లేకపోతే బంకులో దొరుకుతుంది. వచ్చిన టైము కాదు, దాని తరువాతి అరగంట గీతకు ముల్లు తిప్పాలి. 10:05కి వస్తే 10:30. బోర్డు మీద రెండు గంటలని ఉంటే 12:30 దాకా ఉండొచ్చు. అట్ట పెట్టడం మర్చిపోతే 20 యూరోలు. కొండ పార్కింగుల్లో మిషన్లకు చిల్లర కావాలి, ఒక యూరో, రెండు యూరోల నాణేలు ఒక డబ్బాలో వేసుకోండి. త్సుగ్‌ష్పిట్సె కింద ఉన్న ఐబ్‌జే సరస్సు పార్కింగ్ మంచి ఎండ రోజున పొద్దున పదికే నిండుతుంది. గార్మిష్ స్టేషన్ నుంచి పళ్ల చక్రం రైలులో రావడమే హాయి. అమ్మగారికి బీపీ ఉంటే త్సుగ్‌ష్పిట్సె ఎక్కేముందు డాక్టర్‌ను అడగండి, 2962 మీటర్లకు ఒక్కసారిగా చేరతారు. వెళ్లే పొద్దున వెబ్‌క్యామ్ చూడకుండా టికెట్ కొనకండి.

పప్పుచారు
తిండి గురించి ఎవరూ రాయలేదు. వంటిల్లున్న ఫెరీన్‌వోనుంగ్ (టూరిస్టులకు అద్దెకిచ్చే ఇల్లు) తీసుకోండి, హోటల్ వద్దు. ఊరి పూటకూళ్లలో వంట మధ్యాహ్నం 2కి ఆపి సాయంత్రం 5కి, 6కి మొదలుపెడతారు, రాత్రి 8 దాటాక పొయ్యి ఆర్పేస్తారు. వారంలో ఒకటి రెండు రోజులు పూర్తి సెలవు, రూహెటాగ్ అని బోర్డు ఉంటుంది.

కేస్‌ష్పెట్స్లె (చీజ్ నూడుల్స్), జెమ్మెల్ క్నోడెల్ (బ్రెడ్ ఉండలు), కైజర్‌ష్మార్న్ (తీపి అట్టు ముక్కలు) శాకాహారమే అనిపిస్తాయి, మూడిట్లోనూ గుడ్డు ఉంటుంది. అమ్మగారికి పనికిరావు. ‘ఓనె ఫ్లైష్, ఓనె ష్పెక్, ఓనె ఐ’ (మాంసం, పంది ముక్కలు, గుడ్డు లేకుండా) అని కాగితం మీద రాసి చూపించండి. ష్పెక్ అని విడిగా చెప్పకపోతే సలాడ్ మీద కూడా చల్లుతారు, వాళ్ల లెక్కలో అది మాంసం కిందికి రాదు. ఉడికిన ఆలుగడ్డలు, పుట్టగొడుగుల కూర, ఆస్పరాగస్ దొరుకుతాయి. మే నెల తెల్ల ఆస్పరాగస్ సీజన్, తప్పక తినండి, సాస్ లేకుండా అడగండి. హాలండెజ్ సాస్‌లో గుడ్డే.

బవేరియాలో దుకాణాలు రాత్రి 8కి మూత, ఆదివారం పూర్తిగా మూత. మే, జూన్‌లలో గురువారం, సోమవారం పండగలు కూడా వస్తాయి. శనివారం మధ్యాహ్నానికల్లా పాలు, పెరుగు, కూరగాయలు తెచ్చి పెట్టుకోండి. పెరుగుకు ‘నాటూర్‌యోగుర్ట్ 3.5’ అని ఉన్న గ్లాసు సీసా తీసుకోండి, మన పెరుగన్నానికి సరిపోతుంది. సీసా మీద డిపాజిట్ ఉంటుంది, తిరిగి మిషన్‌లో వేస్తే డబ్బులిస్తుంది.

సాగర్‌రోడ్
అక్కా, చిన్న కుక్కర్ తెచ్చుకుంటే చాలా?

పప్పుచారు
అల్యూమినియం కుక్కర్ అయితే తేవొద్దు. ఇక్కడి అద్దె ఇళ్లలో చాలావరకు ఇండక్షన్ లేదా గాజు పలక పొయ్యి. ఇండక్షన్ మీద అల్యూమినియం వేడెక్కదు. అడుగున అయస్కాంతం అంటుకునే స్టీలు కుక్కర్, రెండు లీటర్లది తెచ్చుకోండి. ఫ్రిజ్ మీద అంటించే అయస్కాంతం చాలు, కొనే షాపులోనే చూసుకోవచ్చు. పోపు వేసేటప్పుడు పైన ఎగ్జాస్ట్ వేసి కిటికీ తెరవండి. మిరపకాయ పొగకు పొగ అలారం మోగితే పక్క ఇళ్లవాళ్లు బయటికి వచ్చేస్తారు. రాత్రి 10 తరువాత కుక్కర్ విజిల్ కూడా వద్దు, అది వాళ్ల నిశ్శబ్ద వేళ.